మూడో చుక్క

పెట్టె తెరుచుకోలేదు.

పదకొండు మోటారు సైకిళ్ళు రోడ్డు వారన వరుసగా ఆగి ఉన్నాయి. నడిపిన మగవాళ్ళు హెల్మెట్లు తీసి మెడలు విరుచుకుంటున్నారు; వెనక సీట్ల మీంచి దిగిన భార్యలు చక్రాలకు ఇరుపక్కలా బిగించిన పెట్టెలు తెరిచి నీళ్ళ సీసాలూ తువ్వాళ్ళూ అందిస్తున్నారు. ఏడో నంబరు బండి దగ్గర మాత్రం ఒకామె మోకాళ్ళ మీద కూర్చుని, కుడిపక్క పెట్టె గడియను రెండు చేతులా పట్టుకుని లాగుతోంది. గడియ పిడి అరంగుళం లేస్తోంది. మళ్ళీ తన చోటికి పోయి కూర్చుంటోంది.

ఆ బృందానికి ఒక చిన్న నిబంధనల పుస్తకం ఉంది. బండి ముందు సీటు వారిది, సామాను వెనక సీటు వారిది. ఒకరి పనిలో ఒకరు చెయ్యి పెట్టరాదు. ఎవరి పెట్టె వల్లనైనా ప్రయాణం అయిదు నిమిషాలకు మించి ఆగితే ఆ మూతకు ఒక ఎర్ర చుక్క అతికిస్తారు. మూడు చుక్కలు పడితే వెనక సీటు మనిషి ఆ రోజంతా సామాను వ్యానులో, పాత టైర్ల పక్కన కూర్చుని రావాలి. ముందు సీటు మనిషికి ఏ శిక్షా లేదు. పుస్తకం రాసినవాళ్ళందరూ ముందు సీటు వాళ్ళే గనక ఆ లోపం ఎవరికీ తట్టలేదు.

"తొందరేం లేదు," అన్నాడు ఏడో నంబరాయన, చేతి తొడుగుల్లోంచి వేళ్ళు ఒక్కొక్కటే ఊడదీసుకుంటూ. "నెమ్మదిగా తియ్యి. ఇరవైమంది నీ కోసం ఎండలో నిలబడ్డారు, అంతే."

"వదినగారికీ పెట్టెకీ మాటల్లేవు కాబోలు," అంది కెప్టెన్ భార్య.

"ఎవరో ఒకరు రాజీ కుదర్చండమ్మా," అన్నారెవరో. నవ్వులు వరుస చివరిదాకా పోయాయి.

ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే ఇంకోసారి లాగింది. ఈసారి పిడి అంచున ఏదో పుటుక్కుమంది. తెగింది పిడి కాదు.

కెప్టెన్ గడియారం చూశాడు. పొడుగాటి మనిషి, జేబులో ఎర్ర స్టిక్కర్ల చుట్ట, మెడలో ఈల. ఒక చుక్కను గోటితో పైకి లేపి, మూత మీద అంటించి, బొటనవేలితో శ్రద్ధగా అదిమాడు. ఆ తరవాతే, అందరికీ వెనక ఆగి ఉన్న వ్యాను వైపు తల ఊపాడు.

వ్యాను మేస్త్రి ఆ తల ఊపు కోసమే ఎదురుచూస్తున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. వ్యాను నడిపేదీ అతనే, బండ్లు బాగుచేసేదీ అతనే. చేతిగుడ్డ భుజాన వేసుకుని వచ్చి, పెట్టె ముందు గొంతుక్కూర్చుని, ఎడమ అరచెయ్యి మూత మూల మీద పెట్టి బరువంతా మోపి, కుడిచేత్తో పిడిని ఎత్తాడు. లోపల కొక్కెం జారిన చప్పుడు వినిపించింది. మూత లేచింది.

"అంతేనా!" అన్నాడు ఏడో నంబరాయన, భార్య వంక చూసి. మేస్త్రి వంక చూడలేదు.

పిడి అంచున రక్తం చార ఉంది. మేస్త్రి దాన్ని గుడ్డతో తుడిచాడు. "గోరు ఊడిందేమో చూసుకోండి తల్లీ."

"ఏం కాలేదండీ," అని ఆమె పిడికిలి బిగించి, రెండో చేత్తో భర్తకు నీళ్ళ సీసా అందించింది.

ఆ సాయంత్రం బస చేసిన చోట, వాకిట్లో ముక్కాలిపీట వేసుకుని, మేస్త్రి ఆ గడియను విప్పి చూశాడు. అందులో పెద్ద మర్మమేమీ లేదు. మూతకు లోపలి వైపు ఒక మరమేకు, దాని చివర కొక్కెం, కొక్కెం కదలకుండా అడుగున నట్టు. కొక్కేన్ని లోపలికి తిప్పినకొద్దీ అది మూతను రబ్బరు పట్టీ మీదికి గట్టిగా లాగుతుంది. రెండు మరలు ఎక్కువ తిరిగితే చాలు, మామూలు చేతికి లొంగదు. మేస్త్రి రెండు మరలు వెనక్కి తిప్పి, నట్టు బిగించి, కొంచెం గ్రీజు రాసి, పదిసార్లు మూసి పదిసార్లు తెరిచాడు. పదకొండోసారి చిటికెన వేలితో తెరిచాడు.

"అద్దం కాస్త వదులుగా ఉంది మేస్త్రీ," అంటూ ఏడో నంబరాయన అప్పుడే వచ్చాడు. స్నానం చేసి, తల దువ్వుకుని, ప్రసన్నంగా ఉన్నాడు. "పది నంబరు స్పానరు ఇస్తావా?"

"పలక మీద ఉందండీ. బిళ్ళ తగిలించి తీసుకోండి."

వ్యాను వెనక తలుపుకు లోపలి వైపు ఆ పలక ఉంది. ప్రతి పనిముట్టు ఆకారాన్నీ మేస్త్రి తెల్ల రంగుతో చెక్క మీద గీశాడు. తీసుకున్నవాళ్ళు తమ బండి నంబరున్న ఇత్తడి బిళ్ళను ఆ ఖాళీలో తగిలించి తీసుకోవాలి, తెచ్చినప్పుడు బిళ్ళ పట్టుకుపోవాలి. కెప్టెన్‌కైనా అదే లెక్క. ఇన్నేళ్ళలో ఒక్క స్పానరు పోలేదని మేస్త్రికి గర్వం. తక్కిన విషయాల్లో గర్వపడే అవకాశం అతనికి ఎవరూ ఇవ్వలేదు.

*

మర్నాడు ఉదయం టిఫినుకు ఆగినచోట అదే పెట్టె మళ్ళీ తెరుచుకోలేదు. రెండో చుక్క పడింది.

"రాత్రంతా బాగుచేశావట కదా మేస్త్రీ?" అన్నాడు కెప్టెన్. "ఏమిటి బాగుచేసింది, నీ నిద్రా?"

మేస్త్రికి చెవులు కాలాయి. జనం టిఫిను బల్లల వైపు వెళ్ళాక మూత తిప్పి చూశాడు. కొక్కెం లోపలికి పోయి ఉంది, నిన్నటి కన్నా ఒక మర ఎక్కువే. రోడ్డు కుదుపుకు నట్టు వదులవుతుంది. అది ఈ పనిలో దిగిన మొదటి నెలలోనే ఎవరికైనా తెలుస్తుంది. కుదుపుకు బిగుసుకున్న నట్టును అతను పుట్టి ఎరగడు.

కొక్కెం సరిచేసి, తెల్ల రంగు సీసా తెచ్చాడు. సన్నటి కుంచెతో నట్టు మీంచి దాని కిందనున్న రేకు మీదికి తిన్నగా ఒక గీత గీసి, ఆరేదాకా నోటితో ఊదాడు. ఎవరైనా నట్టును వెంట్రుకవాసి తిప్పినా గీత రెండు ముక్కలవుతుంది.

"అదేమిటండీ?" ఏడో నంబరావిడ వెనక నిలబడి ఉంది. చేతిలో తినకుండా మడిచిన రొట్టె. ఊడిన గోటి మీద చేతిరుమాలు చీల్చి చుట్టుకుంది.

"గుర్తు తల్లీ, అంతే. ఇలా రండి, ఒకటి నేర్పుతాను. ఎడమచెయ్యి ఈ మూల పెట్టండి. వేళ్ళు కాదు, అరచెయ్యి. మీ బరువంతా మోపండి. మూత కిందికి దిగితే కొక్కెం మీద లాగుడు తగ్గుతుంది. ఇప్పుడు ఎత్తండి."

ఆమె రొట్టెను సీటు మీద పెట్టి చెప్పినట్టే చేసింది. మూత లేచింది. ఆమె దాన్ని మూసి మళ్ళీ తెరిచింది. మళ్ళీ మూసింది.

"బలం అక్కర్లేదన్న మాట," అంది.

"బలంతో చేస్తే గోళ్ళు పోతాయి. రెండు చుక్కలయ్యాయి, జాగ్రత్త. మూడోది పడితే నా టైర్ల మధ్య కూర్చోవాలి మీరు."

"రేపు పడకూడదండీ." ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "రేపు పదింటికి టీకి ఆగే ఊళ్ళో మా చెల్లెలుంది. వంతెనకు ఇవతల, వరుసలో చివరి ఇల్లు. చూసి ఆరేళ్ళయింది. మూడో చుక్క పడకపోతే ఆ అరగంటా వెళ్ళి చూసిరమ్మన్నారు ఆయన."

"ఆరేళ్ళా! వద్దంటారా ఏమిటి?"

"ఆయన ఎప్పుడూ వద్దనరండీ. చెల్లెలి పెళ్ళికి బయల్దేరితే బీరువా తాళం కనపడలేదు. అది పురుడు పోసుకున్నప్పుడు టికెట్లు తడిసిపోయాయి. అమ్మ పోయిన రోజున కారు స్టార్టవలేదు." జాబితా చదివినట్టు, ఏ రంగూ లేని గొంతుతో చెప్పింది. "వస్తువులు నాకు కలిసిరావు. అంతే."

మేస్త్రి కుంచెను గుడ్డతో తుడుస్తూ ఆగిపోయాడు. ఆమె అప్పటికే రొట్టె తీసుకుని భర్త ఉన్న బల్ల దగ్గరికి వెళ్ళిపోతోంది.

మధ్యాహ్నం మజిలీలో ఆమె అందరికన్నా ముందు పెట్టె తెరిచింది. అరచెయ్యి మూల మీద పెట్టడం, పిడి ఎత్తడం, రెండు క్షణాలు పట్టలేదు. ఎవరో చప్పట్లు కొట్టారు. కెప్టెన్ భార్య, "రాజీ కుదిరిందర్రా!" అని కేక పెట్టింది. ఏడో నంబరాయన కూడా చప్పట్లు కొట్టాడు. "భేష్," అన్నాడు. "ఎవరు నేర్పారు?"

"నాకే తట్టిందండీ," అంది ఆమె.

ఆయన నవ్వుతూనే ఉన్నాడు. మూత దగ్గరికి వచ్చి, లోపలి సామాను మీంచి కొక్కెం దాకా ఒకసారి చూపు పోనిచ్చి, వెనక్కి వెళ్ళిపోయాడు.

సాయంత్రం బసలో ఆమె బట్టలు ఆరవెయ్యడానికి వచ్చి, వ్యాను పక్కన ఆగింది. "రేపు మీ వ్యాను కూడా ఆ ఊరి మీదుగానే వస్తుందా మేస్త్రిగారూ?"

"లేదు తల్లీ. ఆ పాత వంతెన మీద బరువు బండ్లు పోనివ్వరు. నేను చీలిక దగ్గర కుడికి తిరిగి పెద్ద రోడ్డున పోతాను. మీరంతా ఎడమకి. మళ్ళీ సాయంత్రం బసలోనే కలుస్తాం."

"చీలిక నుంచి ఆ ఊరు ఎంత దూరం?"

"నాలుగైదు కిలోమీటర్లు. ఏం?"

"ఊరికే," అని ఆమె తడి తువ్వాలు విదిలించింది.

*

మూడో రోజు తెల్లవారగానే మేస్త్రి వ్యాను తలుపు తెరిచాడు. పలక మీద పది నంబరు స్పానరు ఉండవలసిన తెల్లటి ఆకారంలో స్పానరు లేదు. ఇత్తడి బిళ్ళ ఉంది. బిళ్ళ మీద ఏడు.

అతను ఏడో నంబరు బండి దగ్గరికి నడిచాడు. మూత మూల మీద అరచెయ్యి మోపి చూశాడు, లొంగలేదు. మోకాలు కూడా ఆన్చి మొత్తం బరువుతో నొక్కి ఎత్తితే తప్ప రాలేదు. లోపల అతని తెల్ల గీత రెండు ముక్కలై ఉంది. రేకు మీది ముక్క ఒకచోట, నట్టు మీది ముక్క చుట్టు తిరిగి ఇంకోచోట. నట్టు మూలల మీద ఇనుము మెరుస్తున్న కొత్త గీరలు.

స్పానరు లేకపోయినా పట్టుకారు ఉంది. రెండు నిమిషాల పని. వదులు చేసేస్తే ఆమె పెట్టె తెరుస్తుంది, బండెక్కుతుంది, చెల్లెల్ని చూస్తుంది. మేస్త్రి పట్టుకారు చేతిలోకి తీసుకున్నాడు కూడా. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. వదులు చేస్తే గీత కలిసిపోతుంది. గీత కలిసిపోతే సాక్ష్యం ఉండదు. ముందు రోజు కెప్టెన్ అన్న మాట అతని ఒంట్లో ఇంకా మంటగానే ఉంది. అందరూ చూడాలి. అతను మూతను మెల్లగా మూశాడు. ఆ ఉదయం అతను చేసిన తప్పు అదే. అప్పటికి అది అతనికి న్యాయంలాగే కనిపించింది.

బయల్దేరే ముందు పెట్టెల్లోని బండి కాగితాల తనిఖీ ఉంటుంది. ఈల మోగింది. పది పెట్టెలు తెరుచుకున్నాయి. ఏడో నంబరావిడ మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు చేతులతో పిడి పట్టుకుంది. ఎడమ అరచెయ్యి మూల మీదికి పోలేదు. భయంలో మరిచిపోయిందనుకున్నాడు మేస్త్రి.

"అయ్యో, మళ్ళీనా!" అన్నాడు ఏడో నంబరాయన. "నిన్న అంత బాగా తీశావు కదా!"

కెప్టెన్ స్టిక్కర్ల చుట్ట పైకి తీశాడు. అయిదో నిమిషం నిండింది. చుక్క గోటి మీదికి ఎక్కింది.

"ఆగండి," అన్నాడు మేస్త్రి.

అతను ఆ బృందం ముందు పిలవకుండా మాట్లాడడం అదే మొదటిసారి. ముందుకొచ్చి, మోకాలు ఆన్చి మూత తెరిచి, తెల్ల గీత చూపించాడు. కుదుపుకు నట్టు బిగుసుకోదని చెప్పాడు. నిన్న తానే ఆ గీత గీశానన్నాడు. వ్యాను దగ్గరికి పోయి ఏడో నంబరు బిళ్ళ తెచ్చి, అరచేతిలో పెట్టి అందరికీ చూపించాడు. "పది నంబరు స్పానరు వీరి దగ్గరుంది. మొన్న రాత్రి తీసుకున్నారు, నిన్న రాత్రీ తీసుకున్నారు. ఈ నట్టు పదో నంబరే. అమ్మగారి తప్పేమీ లేదు. తెరుచుకోకుండా చేస్తున్నది ఈయనే."

అంత పెద్ద ప్రసంగం తన నోట వస్తుందని అతనికే తెలియదు. ఒక ఇంజను మాత్రం గురగురలాడుతోంది. దాన్ని కూడా ఎవరో ఆపారు.

ఏడో నంబరాయన కోపగించుకోలేదు. జేబులోంచి స్పానరు తీసి, కాస్త ఆశ్చర్యంగా దాని వంక చూసుకున్నాడు. "అద్దం బిగించుకున్నాను. తిరిగి ఇవ్వడం మరిచిపోయాను, తప్పే. నా పెట్టెను నేనే తెరుచుకోకుండా చేసుకుని, నా భార్యను నేనే వ్యానెక్కిస్తానా?" భార్య వైపు తిరిగాడు. గొంతు ఇంకా మెత్తబడింది. "నువ్వు చెప్పు. ఎవరు తిప్పారో నీకేమైనా తెలుసా?"

"చెప్పండమ్మా," అన్నాడు కెప్టెన్. "భయపడకండి."

ఆమె మోకాళ్ళ మీంచి లేచి, దుమ్ము దులుపుకుంది. భర్తను చూడలేదు. కెప్టెన్‌ను చూడలేదు. మేస్త్రిని తిన్నగా చూసింది.

"నేనే తిప్పానండీ," అంది. "కొక్కెం వదులుగా ఉందనిపించి, ఆయన స్పానరు తీసుకుని నేనే బిగించాను. సరిగా చేతకాలేదు." ఒక్క క్షణం ఆగింది. "ఈ మేస్త్రిగారికి ఏదో ఒకటి కనిపెట్టకపోతే తోచదనుకుంటాను."

ముందు కెప్టెన్ భార్య నవ్వింది. తరవాత అందరూ నవ్వారు, ఊపిరి తీసుకోవడానికి అనుమతి దొరికినట్టు.

"వదినా, ఇంకా నయం, మెకానిక్కువి కాలేదు!"

"మేస్త్రీ, పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవయ్యా!"

కెప్టెన్ నవ్వలేదు. "పెద్దమనిషిని పట్టుకుని, అందరి ముందూ ఇంత మాట అన్నావు. 'తప్పుగా చూశాను, క్షమించండి' అను."

మేస్త్రి ఆమె వైపు చూశాడు. ఆమె మూత మూసి, దుమ్మును కొంగుతో తుడుస్తోంది.

"వినపడలేదా?"

"తప్పుగా చూశాను," అన్నాడు మేస్త్రి. "క్షమించండి."

"పరవాలేదులే," అన్నాడు ఏడో నంబరాయన, అతని భుజం తట్టి, అతని అరచేతిలో ఉన్న బిళ్ళ తీసుకుని స్పానరు పెట్టాడు. "వయసు మీద పడితే చూపు అలాగే ఉంటుంది."

"ఈ ప్రయాణమే ఆఖరు మేస్త్రీ. వచ్చేసారికి వేరేవాణ్ణి చూసుకుంటాం," అని కెప్టెన్ మూడో చుక్కను తక్కిన రెండింటి పక్కన, వరుస తప్పకుండా అంటించాడు.

ఏడో నంబరాయన స్వయంగా భార్యను వ్యాను దాకా తీసుకొచ్చి, తలుపు తెరిచి, ఎక్కించి, తలుపు వేశాడు. కిటికీలోంచి లోపలికి వంగి, "పాపం, మీ చెల్లెలు," అన్నాడు. "ఏం చేస్తాం. ఇంకోసారి చూద్దాం."

"అలాగేనండీ," అంది ఆమె.

పదకొండు బండ్లు వెళ్ళిపోయాయి. మిగిలిన సామాన్లన్నీ ఎక్కించి, మేస్త్రి వ్యాను కదిలించేసరికి గంటకు పైగా పట్టింది. వెనక పలక మీది పనిముట్లు గుంత గుంతకూ గలగలలాడుతున్నాయి.

"అబద్ధం ఎందుకు చెప్పారు తల్లీ?" అన్నాడు చివరికి.

"నిజం చెప్పమని నేను మిమ్మల్ని అడిగానా?"

మేస్త్రి గేరు మార్చాడు.

"నిజం చెప్పి మీరు ఈ వ్యాను తలుపు వేసుకుని పడుకుంటారు. ఆ నిజంతో ఒక్క గదిలో పడుకోవలసింది నేను."

"నా పని పోయింది."

"విన్నాను." ఆమె గొంతులో జాలి లేదు. "మొదటి రోజు నా గోరు ఊడినప్పుడు మీరు గుడ్డతో తుడిచింది పిడిని, నా వేలిని కాదు. నేనేమీ అనుకోలేదు. ఎవరి పని వాళ్ళు చూసుకుంటారు. ఈ పొద్దున తెల్లవారగానే వచ్చి ఆ పెట్టె తెరిచి చూశారు మీరు. గది కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పట్టుకారు తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. నా కోసమే అయితే అక్కడే వదులు చేసి ఉండేవారు."

ఎదురుగా వస్తున్న లారీకి దారి ఇవ్వడం ఒక క్షణం ఆలస్యమైంది.

"ఆయన స్పానరు పట్టుకుని వాకిట్లోకి వెళ్ళడం కూడా మొదటి రాత్రే చూశాను," అంది ఆమె. "కారు స్టార్టవకపోవడం చూసినదాన్ని, ఇది చూడనా?"

"మరి నిన్న మధ్యాహ్నం అంత ముచ్చటగా తెరిచారే?"

"అప్పటికి అరగంట చాలనుకున్నాను. ఆ అరగంటా ఆయన గడియారం పట్టుకుని గుమ్మంలో నిలబడతారు. చెల్లెలి మొహం చూస్తానో ఆయన మొహం చూస్తానో తెలియదు. అయినా చాలనుకున్నాను. సాయంత్రం మీరు, వ్యాను వేరే దారిన పోతుందన్నారు." బయటికి చూస్తూ చెప్పింది. "మీరు ఆ నట్టు వదులు చేసి ఉన్నా నేను తెరిచేదాన్ని కాదు. ఆ చుక్క నాక్కావాలి. మీ మాట కెప్టెన్ నమ్మి ఉంటే చుక్క పీకేసి నన్ను మళ్ళీ ఆ సీటు మీదే కూర్చోబెట్టేవాడు. మీ న్యాయం వల్ల నాకు దక్కేది అదే."

చీలిక కనిపించింది. ఎడమవైపు సన్నటి పాత రోడ్డు, కుడివైపు పెద్ద రోడ్డు. మధ్యలో నీడలేని బస్సు స్టాపు.

"ఇప్పుడెంతయింది?" అని అడిగింది.

"పదకొండు దాటింది."

"పదిన్నరకే వంతెన దాటి ఉంటారు. ఇక్కడ ఆపండి."

అతను ఆపాడు. ఆమె హెల్మెట్టును సీటు మీద ఉంచి, పైన వేసుకున్న బరువు కోటు విప్పి దాని పక్కన మడత పెట్టింది. దిగింది.

"నేను ఎడమకి తిప్పి దింపుతాను తల్లీ. ఎలాగూ పని పోయింది నాకు."

"వద్దు. మీరు వస్తే మళ్ళీ ఏదో చూస్తారు. చూస్తే ఎక్కడో చెప్తారు."

అతని మొహం వాడిపోయింది. అది చూసి కూడా ఆమె మాట మార్చలేదు.

"సాయంత్రం ఎన్నింటికి వస్తారు? నేను ఇక్కడే ఉంటాను," అన్నాడు.

ఆమె బస్సు స్టాపు వైపు చూసింది. పాత రోడ్డు వైపు చూసింది. "ఉండకండి," అంది.

"మరి ఆయన అడిగితే ఏం చెప్పను?"

"పొద్దున నన్ను అడిగి చెప్పారా?" అని, ఆమె రోడ్డు దాటి, ఎడమవైపు నడవడం మొదలుపెట్టింది. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. మేస్త్రి ఇంజను ఆపి, ఆమె మలుపు తిరిగేదాకా చూశాడు. ఆ తరవాత ఇంకో గంట అక్కడే ఉన్నాడు, ఉండవద్దన్నా. ఆ గంటలో ఎవరూ ఆ మలుపు తిరిగి రాలేదు.

బసకు చేరేసరికి ఎండ ఇంకా గోడల మీదే ఉంది. మేస్త్రి వ్యాను నిలిపి, గొలుసు వదులైన మూడో నంబరు బండి దగ్గర పీట వేసుకున్నాడు. ఏడో నంబరాయన నవ్వుతూ వచ్చి వ్యాను తలుపు తెరిచాడు. సీటు మీద హెల్మెట్టూ మడత పెట్టిన కోటూ ఉన్నాయి. వెనక టైర్ల మధ్య కూడా వెతికాడు. తిరిగి వచ్చినప్పుడు నవ్వు లేదు.

"ఏదీ ఆవిడ?"

"లోపల లేరాండీ?" అన్నాడు మేస్త్రి, గొలుసు మీంచి కళ్ళెత్తకుండా.

"లేదు! ఎక్కడ దిగింది?"

"తెలియదండీ."

గొంతు పెరగడంతో జనం చేరారు. కెప్టెన్ వచ్చాడు. కెప్టెన్ భార్య టీ కప్పుతో వచ్చి, "మొన్న వదినగారు నాతో, ఈ దారిలో చెల్లెలు ఉందన్నారే! పొద్దున మనం ఆగిన ఊరు కాదూ?" అంది.

"ఆ ఊళ్ళో మాకెవరూ లేరు," అన్నాడు ఏడో నంబరాయన వెంటనే. అదే మాట ఆయన పొద్దున టీ తాగుతూ పదిమందితో అని ఉన్నాడు. దాని మీంచి ఇప్పుడు వెనక్కి తిరగడానికి దారి లేదు. మెడ నరాలు ఉబ్బాయి. "చెప్పవయ్యా! ఎక్కడ ఆపావు?"

"నేను ఎక్కడా ఆపలేదండీ."

ఆ మాట అంత తేలికగా వచ్చినందుకు మేస్త్రికే విస్మయం కలిగింది. దాని వెనక నిజం కూడా బయటికి రావడానికి నిలబడి ఉందేమోనని చూసుకున్నాడు; లేదు.

"ఆపకుండా మనిషి ఎలా మాయమవుతుంది?" కెప్టెన్ వంగి, అతని మొహంలో మొహం పెట్టాడు. "పొద్దున వెంట్రుకవాసి నట్టు తిరిగితే చూశానన్నావు. పక్కనున్న మనిషి దిగిపోతే చూడలేదా?"

మేస్త్రి గొలుసును ఒక బిగువు బిగించి, వేలితో నొక్కి చూశాడు. సరిపోయింది. చెయ్యి గుడ్డతో తుడుచుకున్నాడు.

"చూసినందుకు పొద్దున క్షమాపణ చెప్పించారు కదండీ," అన్నాడు. "అప్పట్నుంచి చూడడం మానేశాను."